పొద్దున పడమటికి, మధ్యాహ్నం తూర్పుకి

కంకిపాడు శివారు పేటలో లాజరు కారు ఎటు తిరిగి ఉందో చూస్తే చాలు, టైమెంతయిందో తెలిసిపోతుంది. తెల్లటి కాంటెస్సా పడమటికి ముఖం పెట్టి ఉంటే ఇంకా పన్నెండు కాలేదని లెక్క. తూర్పుకు తిరిగిందంటే అన్నాల వేళ దాటిందని. కూలికెళ్లే ఆడవాళ్లు చేతిలో ఫోన్లుండి కూడా కారు వైపే చూస్తారు. ఫోనుకైతే ఛార్జింగ్ అయిపోతుంది. లాజరుకి ఏనాడూ అయిపోలేదు.

డెబ్బై నాలుగేళ్ల మనిషి మిట్టమధ్యాహ్నం బయటికొచ్చి, కారు స్టార్టు చేసి, వెనక్కీ ముందుకీ నాలుగుసార్లు ఆడించి, దాని వీపు సూర్యుడి వైపు తిప్పి మళ్లీ ఇంట్లోకి పోయి నడుం వాల్చడం చూసి కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీండి. నవ్విన వాళ్లలో ఒక్కడి కారులోనైనా డాష్‌బోర్డు పదేళ్లు వెలిసిపోకుండా నిలిచిందేమో చూపించమనండి. బెజవాడ ఎండ అంటే మాటలు కాదు.

కాంటెస్సా డాష్‌బోర్డు చేత్తో నొక్కితే మెత్తగా ఉంటుంది. లోపల స్పాంజి, పైన పల్చటి రెక్సిన్ పొర. అద్దంలోంచి పడే ఎండకి ఆ పొర ముందు వెలిసిపోతుంది, తర్వాత గట్టిపడుతుంది, చివరికి ఒకరోజు నీళ్లు రాని మాగాణిలా నెర్రెలిస్తుంది. ఒకసారి పగిలిందా, ఇక అంతే. ఆ కార్ల తయారీ ఆగిపోయి ఇరవయ్యేళ్లు దాటింది, కొత్తది కొందామన్నా దొరకదు. ఆటోనగర్‌లో పైన తొడుగు కుట్టిస్తారు గానీ అది పగులును దాచడమే, మాన్పడం కాదు. లాజరు కారు వయసు ముప్పై అయిదు. దాని డాష్‌బోర్డు మీద వెంట్రుకంత గీత లేదు.

ఇందులో మంత్రమేమీ లేదు, ఉన్నదంతా మొండితనమే. రోజుకు రెండుసార్లు కారు తిప్పడం. ముందు అద్దానికి సరిపడా కోసి, అంచులకు పాత చీర గుడ్డ కుట్టిన తుంగచాపను లోపలినుంచి నిలబెట్టడం. వేడిగాలి పోయేలా పక్క అద్దాలు వేలెడంత దించి ఉంచడం. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దడం. నూనెలూ మెరుపు మందులూ దరిదాపులకు రానివ్వకపోవడం.

ఈ చివరి నియమం తెరేసమ్మ పుణ్యమే. తెరేసమ్మ లాజరు భార్య. కాళ్లు పగిలితే కొబ్బరినూనె, పెదాలు పగిలితే కొబ్బరినూనె, మరి దీనికి ముందుగానే రాస్తే అసలు పగలదు గదా అని ఒక క్రిస్మస్‌కి మొగుడికి తెలియకుండా అర సీసా నూనె డాష్‌బోర్డుకి పట్టించింది. నాలుగు రోజులు ధగధగలాడిపోయింది. గుడి దగ్గర ఫాదర్ గారు కూడా ముచ్చటపడ్డారు. ఫిబ్రవరి ఎండ తగిలేసరికి ఆ నూనె కాగి జిగురై, పేటలో దుమ్మంతా అక్కడే కాపురం పెట్టింది. వెనకాలే చీమలొచ్చాయి. లాజరు మూడు రోజులు అన్నం సరిగ్గా తినకుండా సబ్బునీళ్లతో తుడిచాడు. భార్యను మాత్రం ఒక్క మాట అనలేదు. ఎవరినీ ఏమీ అనలేకపోవడం ఆయనకున్న జబ్బు.

ఆ జబ్బంటే కూతురు క్రిస్టినాకి ఒళ్లు మంట. క్రిస్టినా మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు, నలభై రెండేళ్ల మనిషి, నోరున్న మనిషి. తండ్రి నోట్లోంచి రావలసిన మాటలన్నీ తన వాటాకే వచ్చాయని ఆమె నమ్మకం. ఆయన నోటికి అలవాటయినవి రెండే రెండు మాటలు, "అలాగే బాబూ" అని. ఈ మే నెలలో ఆ రెండు మాటలే కొంప మీదికి తెచ్చాయి.

సాయిగణేష్ పేటకి వచ్చిన రోజు ఆదివారం. రైసుమిల్లు వీరరాఘవయ్య గారి మనవడతను. ముప్పై ఏళ్లుంటాయి, నవ్వు ముఖం, మంచి మర్యాద. కంకిపాడులో కొత్తగా కల్యాణమండపం కట్టించాడు. ఏదో పత్రం పని మీద మండలాఫీసుకి వచ్చినప్పుడల్లా క్రిస్టినాని "మేడమ్ గారూ" అని నిండుగా పిలిచేవాడు. ఆ రోజూ గుమ్మంలో ఆమె కనబడగానే చేతులు జోడించాడు.

"నమస్తే మేడమ్ గారూ, బాగున్నారా? లాజరు లేడాండి?"

లాజరు అప్పటికే లేచి నిలబడ్డాడు. లుంగీ కిందికి దించుకుని, భుజాన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. క్రిస్టినా ఆ తువ్వాలు చూసింది, పళ్లు కొరుక్కుంది.

"లాజరూ, నీతో ఓ పని పడిందయ్యా. పద్దెనిమిదో తారీకు మండపం ఓపెనింగు. తాతగారి కారు మండపం ముందర నిలబడాలి. ఆ కళే వేరు. ఆ ఒక్కపూట తీసుకొస్తావా?"

"అలాగే బాబూ," అన్నాడు లాజరు.

"తాతగారి కారా?" అంది క్రిస్టినా.

"అదేనండీ మేడమ్ గారూ, మన కాంటెస్సా," అని నవ్వాడు సాయిగణేష్. అతని నవ్వులో విషం లేదు, అదే పెద్ద చిక్కు. అతనికి నిజంగానే అది తాతగారి కారు.

కానీ అది తాతగారి కారు కాదు. ఒకప్పుడు అయిన మాట నిజమే. వీరరాఘవయ్య గారు ఎనభై తొమ్మిదిలో కొన్నారు, లాజరు డ్రైవరు. మిల్లు ఆవరణలో కూడా ఆయన ఇలాగే దాన్ని పొద్దున పడమటికీ మధ్యాహ్నం తూర్పుకీ తిప్పుతూ పదమూడేళ్లు కాపాడాడు. తర్వాత వాళ్లింట్లోకి కొత్త కార్లొచ్చాయి. కాంటెస్సా పశువుల కొట్టంలోకి పోయింది. ఏడాది తిరిగేసరికి ఇంజను పట్టేసింది, వెనక సీట్లో కోడి గుడ్లు పెట్టింది. "ఇనుముకి పడేసుకో లాజరూ, నీ ఇన్నేళ్ల చాకిరీకి," అన్నారు పెద్దాయన. అప్పుడు డిగ్రీ చదువుతున్న క్రిస్టినా, ఇనుముకే అయితే కాగితాలెందుకే అని తండ్రి మొత్తుకుంటున్నా వినకుండా, ఫారాలు పట్టుకుని ఆ పెద్దింటి అరుగు మీదికి వెళ్లి సంతకం పెట్టించుకొచ్చింది. కారు లాజరు పేరు మీదికి మారి ఇరవై ఒక్క ఏళ్లయింది. ఆటోనగర్ మేస్త్రీల చుట్టూ రెండేళ్లు తిరిగి ఇంజను బతికించుకున్నాడు. మూడు ఊళ్ల పెళ్లికూతుళ్లు దాంట్లోనే అత్తారింటికి వెళ్లారు. ఇంత జరిగినా లాజరు నోట ఏనాడూ "నా కారు" అన్న మాట రాలేదు. ఎవరైనా అడిగితే "మా దగ్గర ఉందండి" అనేవాడు.

సాయిగణేష్ వెళ్లిపోయాక క్రిస్టినా తండ్రి మీద ఒంటికాలి మీద లేచింది.

"నీ బండిని తాతగారి కారు అంటే నోరు మూసుకుని ఊరుకుంటావా నాన్నా?"

"పోనీలేమ్మా. అంటే అరిగిపోద్దా?"

"అరిగిపోద్ది. నువ్వే అరిగిపోయావు. నీ కళ్లముందు పుట్టిన పిల్లాడు నిన్ను లాజరూ అంటాడు, నీ కూతుర్ని మేడమ్ గారూ అంటాడు. నీకేం అనిపించదా?"

లాజరు తువ్వాలు మడత పెట్టుకుంటూ ఉండిపోయాడు. తెరేసమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఒక్కపూటేగా అంటన్నాడు. పోయొద్దాం పదండి, నేనూ వస్తా. భోజనాలు బాగుంటయ్యంట," అంది. తెరేసమ్మ లోకాన్ని చూసే పద్ధతే వేరు.

పద్దెనిమిదో తారీకు పొద్దున్నే లాజరు కారు కడిగాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని తనే నడిపాడు. పక్కన క్రిస్టినా, వెనక తెరేసమ్మ. కాలవ గట్టు రోడ్డు మీద మండపం వాస్తు ప్రకారం ఖచ్చితంగా తూర్పు ముఖంగా ఉంది. ఎనిమిదికే ఎండ చురచురలాడుతోంది. షామియానాలు, పూల తోరణాలు, డీజే పెట్టెలు. లాజరు ఆ హడావిడి ఏదీ చూడలేదు. ఆయన కళ్లు ఒకసారి సూర్యుడి వైపు వెళ్లాయి, చేతులు వాటంతటవే స్టీరింగు తిప్పాయి. కాంటెస్సా మండపం వైపు ముఖం పెట్టి, వచ్చే అతిథులందరికీ వీపు చూపిస్తూ ఆగింది. దిగి తుంగచాప నిలబెట్టాడు, అద్దాలు వేలెడంత దించాడు.

సాయిగణేష్ పట్టుపంచెలో పరిగెత్తుకొచ్చాడు.

"అదేంటి లాజరూ, వెనక్కి పెట్టావు? రోడ్డు వైపు తిప్పు. ముఖం కనబడాలి గదా! ఇక్కడ కాదు, ఆ దిమ్మె మీద."

అప్పుడు చూసింది క్రిస్టినా. మండపం ముందు మెట్లకి ఒక పక్కగా నడుమెత్తు సిమెంటు దిమ్మె. కారు ఎక్కడానికి వాలు కట్టారు. పైన నాలుగు చక్రాలకు నాలుగు ఇనుప పట్టీలు, బిగించడానికి బోల్టులు. చుట్టూ స్టీలు గొలుసు. ముందు నల్ల గ్రానైటు పలక మీద బంగారు అక్షరాలు. పైన నీడ అన్నది లేదు. ఒక్కపూటకి ఎవరూ బోల్టులు బిగించరు.

ఆమె పలక దగ్గరికి వెళ్లి పైకే చదివింది, అందరికీ వినబడేలా. "కీర్తిశేషులు వీరరాఘవయ్య గారి స్వంత వాహనం. మనవడు సాయిగణేష్ భద్రపరచినది." ఇంకొకసారి చదివింది. భద్రపరచినది! మధ్యాహ్నం ఎండలో పన్నెండు గంటలకి లేచొచ్చిన మనిషి ఒకడు, భద్రపరచినవాడు ఇంకొకడు.

"సాయిగణేష్ గారూ, ఒక్కపూట అన్నారు. ఈ బోల్టులేంటి?"

"అది సర్‌ప్రైజ్ మేడమ్ గారూ. తాతగారి గుర్తుగా శాశ్వతంగా ఇక్కడే ఉంచేద్దామని. నాన్నగారికి, అంటే మీ నాన్నకి, కొత్త ఆల్టో బుక్ చేశాం. నెలాఖరుకి ఇంటికొస్తుంది. ఏసీ, పవర్ స్టీరింగు అన్నీ ఉంటాయి. ఈ వయసులో పాపం ఈ బరువు స్టీరింగు ఎందుకు?"

"ఆర్సీ ఎవరి పేరు మీద ఉందో తెలుసా మీకు?"

"కాగితాల సంగతి కాదండీ, ఇది సెంటిమెంటు. మీరు చదువుకున్నారు, మీకు తెలీదా? లాజరూ, నువ్వు చెప్పవయ్యా మేడమ్ గారికి. నీకు అభ్యంతరం ఏమన్నా ఉందా?"

అందరూ లాజరు వైపు తిరిగారు. పలక మీద పూలదండ సర్దుతున్న బంధువులు, వాస్తు చూసిన పెద్దమనిషి, షామియానా కింద కుర్చీలేస్తున్న మనుషులు. లాజరు తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన చేయి భుజం మీదికి వెళ్లి, అక్కడ తువ్వాలు లేకపోయేసరికి ఆగిపోయింది. క్రిస్టినాకి తెలుసు, ఆ రెండు మాటలూ ఆయన గొంతు దాకా వచ్చేసి ఉంటాయి. ఆమెకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. తను ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టించుకొచ్చినా, ఈ మనిషి ఒక్కసారి తలూపితే అన్నీ చిత్తుకాగితాలే. ఈ విషయంలో తండ్రి బదులు తను మాట్లాడి లాభం లేదు. ఆయనే అనాలి. అనడు.

లాజరు నోరు విప్పకపోవడాన్ని సాయిగణేష్ ఒప్పుకోవడమే అనుకున్నాడు. అలా అనుకోవడం వాళ్లింట్లో మూడు తరాల అలవాటు.

"చూశారా మేడమ్ గారూ!" అంటూ కారు తలుపు తీశాడు. "తొమ్మిది ఇరవైకి ముహూర్తం. ఎమ్మెల్యే గారొస్తారు, ఫోటోలు తీస్తారు. ఈ చాపలూ గీపలూ తీసేయాలి. డాష్‌బోర్డు కాస్త డల్‌గా ఉంది, మెరవాలి." తుంగచాపను లాగి వెనక సీట్లోకి విసిరాడు. అక్కడే కూర్చుని ఉన్న తెరేసమ్మ కెవ్వుమంది. సాయిగణేష్ ఇంకో చేత్తో మల్లెపూల వాసనేసే పాలిష్ సీసా మూత తీశాడు. గుడ్డ కూడా లేకుండా, నేరుగా డాష్‌బోర్డు మీద పిచికారీ చేయడానికి వేలు ఎత్తాడు.

"ఆగండి!"

ఆ గొంతు ఎవరిదో క్రిస్టినాకి ముందు అర్థం కాలేదు. లాజరు సాయిగణేష్ మణికట్టు పట్టుకుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్లలో ఆ ఇంటి మనిషిని ఆయన చేత్తో తాకడం, తలుపు తీసి ఎక్కించడానికి కాకుండా, అదే మొదటిసారి. ముసలి చేయే గానీ బరువు స్టీరింగు తిప్పిన చేయి. సీసా కింద పడి దొర్లింది.

"లాజరూ! ఏంటిది?" సాయిగణేష్ ముఖంలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ కనబడింది.

"దాని మీద అది కొట్టగూడదు బాబూ," అన్నాడు లాజరు. గొంతు వణుకుతోంది. "కొడితే ఇయ్యాళ మెరిసిద్ది. రెండు ఎండలు తగిల్తే చచ్చిపోద్ది. ఆ దిమ్మె మీద పెట్టి బోల్టులు బిగిస్తే వచ్చే వేసంగికి పగిలి ముక్కలైపోద్ది. మీకది తెలవదు. మీ తాతగారికీ తెలవదు. ఆయన వెనక కూచున్నారు. ఆయనకి నా తలకాయ తప్ప డాష్‌బోర్డు ఎప్పుడూ కనబళ్లేదు."

షామియానా కింద కుర్చీల చప్పుడు ఆగిపోయింది.

"అది కాదు లాజరూ..."

"లాజరు గారూ అనండి," అంది క్రిస్టినా. "నన్ను మేడమ్ గారూ అనడానికి వచ్చిన నోరు ఆయన దగ్గరికొచ్చేసరికి ఏమైంది?"

లాజరు కూతురి వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వద్దులేమ్మా. గారూ అనకపోయినా నేను బతికాను, ఇక ముందూ బతుకుతాను." సాయిగణేష్ చెయ్యి వదిలిపెట్టాడు. "బాబూ, నన్నెలా పిలిచినా సరే. బండిని మాత్రం మీ తాతగారిదనబాకండి. ఆయన దాన్ని ఇనుముకి పొమ్మన్నారు. నేను పోనియ్యలేదు. అది నాది."

రెండే రెండు అక్షరాలు. అన్నాక లాజరు కూడా వాటిని విన్నట్టు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఇంకోసారి, ఈసారి కొంచెం గట్టిగా అన్నాడు.

"నా బండి."

"మరి ముహూర్తం?" అన్నాడు వాస్తు పెద్దమనిషి నీరసంగా. "ఫోటోలకైనా ఒక్క పది నిమిషాలు తూర్పుకి తిప్పితే..."

"పన్నెండు దాటాక తూర్పుకి తిప్పుతానండి," అన్నాడు లాజరు ఎంతో మర్యాదగా. "మా ఇంటి దగ్గర."

సాయిగణేష్ గ్రానైటు పలక వైపు ఒకసారి, బంధువుల వైపు ఒకసారి చూశాడు. అతని ముఖం కందిపోయింది. ఏదో అనబోయి, అనడానికి సరైన పిలుపు దొరకనట్టు ఆగిపోయాడు. లాజరూ అనలేకపోయాడు, గారూ అనలేకపోయాడు. క్రిస్టినా అతని మీద జాలిపడలేదు. పడాలనీ అనిపించలేదు.

లాజరు కారెక్కాడు, పక్కన క్రిస్టినా ఎక్కగానే స్టార్టు చేశాడు. గేటు దాటి కాలవ వంతెన దగ్గరకు వచ్చేసరికి ఆయన చేతులు స్టీరింగు మీద గడగడలాడుతున్నాయి. పక్కకు తీసి ఆపాడు.

"నువ్వు నడుపమ్మా," అన్నాడు.

ఆమె స్టీరింగు ముందుకు మారింది. తండ్రి పక్కసీట్లోకి వస్తాడనుకుంది. లాజరు చుట్టూ తిరిగి వెళ్లి వెనక ఎడమ తలుపు తీశాడు. వీరరాఘవయ్య గారు కూర్చునే వైపు అది. ఇన్నేళ్లలో ఆ సీటు లాజరు తుడిచాడు, దులిపాడు, కోడిగుడ్ల మరకలు కడిగాడు, పెళ్లికూతుళ్లను కూర్చోబెట్టాడు. తను మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు. ఆ సంగతి క్రిస్టినాకి అప్పుడే, ఆ తలుపు తీసిన చప్పుడు విన్నప్పుడే తట్టింది. ఆమెకు కళ్లు మసకబారాయి.

"జరుగు," అన్నాడు తెరేసమ్మతో. కూర్చున్నాడు. ముందు బిగుసుకుని అంచున కూర్చున్నాడు. తర్వాత వెనక్కి వాలాడు. తర్వాత కాళ్లు చాపాడు.

"భోజనాలు పోయినయ్యి గదయ్యా," అంది తెరేసమ్మ. కానీ చాప చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆయనకి చోటిచ్చింది.

క్రిస్టినా గేరు వేసింది. వంతెన దాటితే ఎడమకి బైపాస్, జనం తక్కువ, తొందరగా ఇంటికి పోవచ్చు. కుడికి పోతే బజారు, రైసుమిల్లు, పెద్దింటి అరుగు. ఆమె ఎడమకి ఇండికేటర్ వేసింది.

"బైపాస్ వద్దు," అన్నాడు లాజరు వెనకనుంచి. ఆ గొంతులో ఇప్పుడు వణుకు లేదు. "మిల్లు ముందు నుంచి పోనీ. మెల్లగా పోనీ."

క్రిస్టినా ఇండికేటర్ ఆపి, కారు కుడికి తిప్పింది.